'జాగ్రత్తగా ఉండాలి' అని రాస్తే షూట్ భద్రంగా జరగదు

ఫొటో షూట్‌కి ముందు ఏ ప్రమాదాలు రావచ్చో చూసి రాసే రిస్క్ అసెస్‌మెంట్ ఫారంలో ఆఖరి గడి ఒకటి ఉంటుంది, ప్రమాదం రాకుండా మీరు ఏం చేస్తారు అని. చాలామంది ఆ గడిలో 'జాగ్రత్తగా ఉండాలి' అని రాసేస్తారు. కరెంటు వైర్లు: జాగ్రత్తగా ఉండాలి. వేడి లైట్లు: జాగ్రత్తగా ఉండాలి. చిన్నపిల్లలు: మరింత జాగ్రత్తగా ఉండాలి. నన్నడిగితే ఆ గడి ఖాళీగా వదిలేసినా ఇంతకంటే నయం. ఖాళీగా ఉంటే ఇంకా ఏమీ చెయ్యలేదని కనీసం తెలుస్తుంది.

నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ సెక్షన్‌లో ఉద్యోగం, ఇల్లు విజయనగరంలో. మా తమ్ముడికి గంటస్తంభం దగ్గర సందులో మేడ మీద స్టూడియో ఉంది. ఈసారి వాడికి ఒక బట్టల షాపు దీపావళి కేటలాగు పని వచ్చింది. పొందూరు ఖద్దరు చీరలు, పిల్లల పట్టులంగాలు, వెనకాల దీపాల వరసలు, చిన్నపిల్ల చేతిలో కాకరపువ్వొత్తి, అన్నీ స్టూడియో లోపలే. షాపు తరఫున ప్రకటనలు చూసే విశాఖ ఏజెన్సీ వాళ్ళు రిస్క్ అసెస్‌మెంట్ షీటు కావాలని మెయిల్ పెట్టారు. వాడు నెట్‌లో దొరికిన ఫారం ఒకటి నింపి, 'అక్కా, ఒకసారి చూసి చెప్పవా' అని నాకు పంపాడు. అందులో ఎమర్జెన్సీ నంబరు దగ్గర 999 అని ఉంది. అది బ్రిటన్ నంబరు. మనకి 112, అంబులెన్సుకి 108, ఫైర్‌కి 101. స్టూడియోలో మంట లేస్తే, గాభరాలో ఆ కాగితం చూసి ఎవరైనా 999 కొడితే? అందుకే ఎవరి షీటో దించేసి పంపడం నాకు నచ్చదు. ఆ గదిలో, ఆ రోజు, ఆ మనుషులతో ఏం జరగబోతోందో చూసి రాసిందే షీటు.

బ్రిటన్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తాను. అక్కడ 1999 నాటి నిబంధనల ప్రకారం పని ఇచ్చే ప్రతి యజమానీ రిస్క్ అసెస్‌మెంట్ చెయ్యాల్సిందే, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులుంటే కాగితం మీద పెట్టాల్సిందే. అక్కడి భద్రతా శాఖ దీన్ని ఐదు మెట్లుగా చెప్తుంది. ప్రమాదం ఎక్కడుందో చూడడం, అది ఎవరికి ఎంత హాని చేస్తుందో అంచనా వెయ్యడం, దాన్ని అదుపులో పెట్టడం, రాసిపెట్టడం, మళ్ళీ సరిచూసుకోవడం. పద్ధతి మంచిదే, ఎవరైనా వాడుకోవచ్చు. నింపాల్సింది మాత్రం మన గదిని చూసే.

ఇందులో రెండు విషయాలు వేరుగా చూడాలి, ప్రమాదకరమైన వస్తువు, దాని వల్ల మనిషికి వచ్చే ముప్పు. 650 వాట్ల హాలోజన్ లైటు ప్రమాదకరమైన వస్తువు. కానీ అది ఆపేసి అటక మీద ఉన్నంతసేపూ ఎవరికీ ముప్పు లేదు. అదే లైటు వెలిగించి, ఆరేళ్ళ పిల్ల కూర్చునే పీటకి మూరెడు దూరంలో పెడితే ముప్పు. వస్తువు అదే, దాని దగ్గరికి మనిషి వచ్చారు. అందుకే మేం ప్రతి వరుసలో 'ఎవరికి' అనే గడి ముందు నింపాం. జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు, జరిగితే వచ్చే నష్టానికి ఒకటి నుంచి ఐదు, రెండూ గుణిస్తే ఒక అంకె వస్తుంది. నేల మీద వైరుకి 4 ఇంటూ 3, పన్నెండు. పిల్ల చేతిలో కాకరపువ్వొత్తికి 3 ఇంటూ 5, పదిహేను. ఈ అంకెలు ముందు ఏ పని పట్టుకోవాలో చెప్పడానికే, అంతకు మించి వాటిని నమ్ముకోకండి. పన్నెండు పదిహేను కంటే చిన్నదని చెప్పి వైరుని అలాగే వదిలేస్తామా?

ఇక ఏం చెయ్యాలి అన్నదానికి ఫ్యాక్టరీల్లో ఒక వరస పాటిస్తాం. ముందు ఆ ప్రమాదాన్నే తీసెయ్యగలమా చూడాలి. కుదరకపోతే దాని బదులు తక్కువ ప్రమాదమున్నది పెట్టాలి. అదీ కుదరకపోతే మనిషికీ దానికీ మధ్య అడ్డం పెట్టాలి. ఆ తర్వాతే నియమాలు, బోర్డులు, హెచ్చరికలు. అన్నిటికంటే ఆఖరున గ్లవ్స్, బూట్లు. 'జాగ్రత్తగా ఉండాలి' అన్నది ఈ వరసలో ఎక్కడో అడుగున ఉంటుంది, ఎందుకంటే అది మనిషి గుర్తుపెట్టుకుంటేనే పనిచేస్తుంది. సాయంత్రం ఆరింటికి, పొద్దున్న తిన్న రెండిడ్లీల మీద నిలబడ్డ లైట్ బాయ్‌కి అన్నీ గుర్తుంటాయని నేను అనుకోను. తప్పు వాడిది కాదు.

కాకరపువ్వొత్తి దగ్గరే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. షాపు ఆయనకి ఆ ఫొటో మీద చాలా ఆశ. 'పండగ కళ రావాలంటే మెరుపులు ఉండాల్సిందేనండీ' అన్నారు. ఆయన కోరిక తప్పేం కాదు. కానీ వెలిగే కాకరపువ్వొత్తి వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఏసీ కోసం కిటికీలు మూసిన గది, వెనక పాలిస్టర్ పరదా, పక్కన థర్మాకోల్ తోరణం, చేతిలో అది పట్టుకుని ఆరేళ్ళ పిల్ల. థర్మాకోల్ అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా కారుతూ మండుతుంది, నల్లటి పొగ కమ్మేస్తుంది. ఆ పొగే మనిషిని ముందు దెబ్బతీస్తుంది. ఇలాంటి చోట ఒక పెద్దమనిషి పక్కన నిలబడి పిల్లని చూసుకుంటారు అని షీటులో రాస్తే, నేనైతే సంతకం పెట్టను.

అందుకని పిల్లని, నిప్పుని విడదీశాం. లోపల పిల్ల చేతిలో వెలిగించని కాకరపువ్వొత్తి, మొహం మీద వెచ్చటి వెలుగు పడేలా కింద నుంచి నారింజ రంగు పెట్టిన చిన్న ఎల్‌ఈడీ. మెరుపులు విడిగా సాయంత్రం డాబా మీద తీశారు. పట్టుకున్నది పెద్దవాళ్ళు, నూలు బట్టలు, చున్నీ లేదు, పక్కన నీళ్ళ బకెట్. కాలిపోయిన చువ్వ నేల మీద పడెయ్యకుండా నేరుగా బకెట్‌లో వెయ్యాలి. వెలుగు ఆరాక కూడా ఆ చువ్వ చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దీపావళి మర్నాడు పిల్లల అరికాళ్ళు చూస్తే తెలుస్తుంది. రెండు ఫొటోలూ కంప్యూటర్‌లో కలిపారు. తమ్ముడు చెప్పిన మాట ఇంకొకటి నాకు బాగా నచ్చింది. మెరుపుల గీతలు పడాలంటే షట్టర్ నెమ్మదిగా, సెకనులో పదిహేనో వంతో ఇంకా ఎక్కువో తెరిచి ఉంచాలట, అంతసేపు పిల్లలు కదలకుండా ఉండరు, మొహం చెదిరిపోతుంది. కాబట్టి విడివిడిగా తియ్యడమే ఫొటోకీ మంచిది. షాపు ఆయన ఫలితం చూసి ఇంకేం మాట్లాడలేదు, పెద్ద ఫ్లెక్సీకి అదే ఫొటో ఎంచుకున్నారు.

దీపాల సంగతీ అంతే. వెనక వరసలన్నీ ఎల్‌ఈడీ ప్రమిదలు, ఫోకస్ బయట ఉంటాయి కాబట్టి కెమెరాకి తేడా తెలియదు. ముందు వరసలో మూడే మూడు నిజం ప్రమిదలు, అవి కూడా పళ్ళెంలో ఇసుక పోసి దాని మీద. నూనె ఒలికినా ఇసుకలోకే పోతుంది, నేల మీదకి రాదు. చీర కట్టుకున్న అమ్మాయి కొంగు వెనక్కి తీసి పిన్ను పెట్టారు. పొందూరు ఖద్దరు గురించి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, వాలుగ చేప దవడతో దూది ఏకి, సన్నటి నూలు వడికి నేసే గుడ్డ అది. అంత సన్నటి నూలుగుడ్డ నిప్పు తగిలితే చటుక్కున అంటుకుంటుంది. సింథటిక్ చీరైతే మరో బాధ, కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. ఏ గుడ్డా నిప్పు దగ్గర క్షేమం కాదు. అలాగే జుట్టుకి స్ప్రే కొట్టిన వెంటనే దీపం దగ్గరికి పంపకూడదు, ఆ డబ్బాలో ఉండేది మండే గ్యాసే. పుట్టినరోజు షూట్లలో కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా నురగ స్ప్రేలు కొట్టడం చూస్తుంటాను, వాటిలో చాలావాటిలో కూడా మండే గ్యాసే ఉంటుంది. దయచేసి ఆ షాటే వద్దనండి.

ఇప్పుడు కరెంటు. స్టూడియోలో కరెంటు అనగానే అందరూ లైట్ల వైపు చూస్తారు. తమ్ముడి దగ్గర ఎక్కువ ఎల్‌ఈడీలు, ఫ్లాష్‌లు, అవి తీసుకునేది తక్కువే. లెక్క కట్టి చూస్తే అసలు లోడంతా మేకప్ మూలలో ఉంది. ఖద్దరు చీరకి ప్రతి షాటుకీ ఇస్త్రీ తగలాలి, లేకపోతే ముడతలు కెమెరాలో కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు, హెయిర్ డ్రయ్యర్ ఇంకో వెయ్యి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి, ఆ బాక్సు గోడకున్న చిన్న ప్లగ్గుకి. చిన్న ప్లగ్గు 6 యాంపియర్లది, 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. అక్కడికే లెక్క తప్పింది, ఇంకా దాని మీదే సెల్ ఛార్జర్లు, టేబుల్ ఫ్యాను. నేను ఆ బాక్సు ప్లగ్గు ఊడదీసి చూశాను. ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ మరక పడినట్టు గోధుమరంగుకి తిరిగి, అంచు కొద్దిగా సాగి ఉంది. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన. అది ఎప్పటి నుంచో వేడెక్కుతోంది, ఎవరూ తీసి చూడలేదంతే. ఆ బాక్సు అక్కడే పక్కన పడేశాం. ఇస్త్రీపెట్టెకి 16 యాంపియర్ల పవర్ ప్లగ్గు విడిగా ఇచ్చాం, దాని మీద ఇంకేమీ తగిలించకూడదని. 16 యాంపియర్లంటే 3680 వాట్లు, సరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌ని ఇంకో గోడకి మార్చాం.

ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంచి వాడేవాళ్ళకి ఒక మాట. చుట్టలో వేడి బయటికి పోయే దారి ఉండదు, పై పొర బాగానే ఉన్నా లోపలి చుట్లు మెత్తబడి కరుగుతాయి. ఎంత పొడవు అవసరమున్నా వైరు మొత్తం విప్పేసి వాడండి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి వాడడం ఇంకా ఘోరం, లైటు ఒళ్ళు ఇనుముదైతే ఎర్తింగ్ ఒక్కటే మనల్ని కాపాడేది. ఇంకో సంగతి, లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, అదే ఎంసీబీ, ఉంది కదా అని ధీమా వద్దు. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషికి షాక్ కొడితే కట్ చేసేది 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. తమ్ముడి బోర్డులో అది లేదు. షూట్‌కి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పెట్టించాడు. ఆ ఖర్చు షూట్ ఖర్చులో పెద్దదేం కాదు, కానీ పెట్టించమని చెప్పేవాళ్ళే ఉండరు.

ఫ్లాష్ లైట్ల విషయంలో కుర్రాళ్ళకి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పెద్ద స్టూడియో ఫ్లాష్ లోపల కెపాసిటర్లో వందల వోల్టుల ఛార్జి నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకేసినా వెంటనే పోదు. పనిచెయ్యడం లేదని స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పొద్దు, నేరుగా రిపేరు తెలిసినవాళ్ళకి ఇవ్వండి. ట్యూబు మార్చాలంటే కూడా ఆపేసి, ప్లగ్గు తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి. హాలోజన్ బల్బుని వట్టి వేళ్ళతో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగిలిపోతుంది.

తర్వాత స్టాండ్లు. మేం గదిలో తిరుగుతున్నప్పుడు నాకు ముందు కనబడింది నెత్తి మీద సీలింగ్ ఫ్యాను. ఊరి స్టూడియోల్లో సీలింగ్ ఎత్తు తక్కువ, సాఫ్ట్‌బాక్స్ (వెలుగు మెత్తబడడానికి లైటుకి తగిలించే పెద్ద గుడ్డ పెట్టె) పెట్టిన స్టాండు రెండు జానలు పైకి లేపితే చాలు, అంచు ఫ్యాను రెక్కల దాకా పోతుంది. మోడల్‌కి చెమట పట్టింది కదా అని ఎవరో ఒకరు ఫ్యాను వేస్తారు. వాళ్ళు మంచికే వేస్తారు. అందుకని ఫ్యాను స్విచ్చి ఆపి, దాని మీద అడ్డంగా ఎర్ర టేపు అంటించి, టేపు మీద స్కెచ్ పెన్నుతో 'లైటు తగుల్తుంది' అని తమ్ముడు తన చేత్తోనే రాశాడు. ఫ్యాక్టరీలో మెషీన్ రిపేరు చేసేటప్పుడు స్విచ్చికి తాళం వేస్తాం, ఇది దాని చిన్న రూపం. చల్లదనం కోసం నేల మీద పెద్ద పెడస్టల్ ఫ్యాను, అది పరదాని ఊపకుండా పక్కకి తిప్పి.

స్టాండు మూడు కాళ్ళూ పూర్తిగా విప్పాలి, ఒక కాలు బరువు ఉన్న వైపుకే ఉండాలి, కాళ్ళ మీద ఇసుక సంచి వెయ్యాలి. ఇసుక సంచులు కొనక్కర్లేదు, మందపాటి గుడ్డ సంచి కుట్టించి ఇసుక పోసి రెండో సంచిలో పెట్టి కడితే చాలు. మనిషి తల మీదకి చాచిన బూమ్, అంటే లైటు వేలాడే అడ్డ కడ్డీ, ఉంటే, లైటుకి విడిగా ఒక ఇనుప తీగ తాడు కట్టాలి, స్క్రూ జారినా లైటు వేలాడాలి గాని పడకూడదు. లైటు సర్దేటప్పుడు మోడల్ కింద నుంచి లేచి వెళ్ళాలి. ఈ ఒక్క నియమం ఎవరూ పాటించరు, 'అలాగే ఉండమ్మా, ఒక్క నిమిషం' అంటారు. ఆ ఒక్క నిమిషంలోనే లైటుని పట్టుకున్న క్లాంపు వదులవుతుంది.

పై నుంచి తీసే షాటుకి టేబుల్ మీద స్టూలు ఎక్కడం మానిపించాం. రెండు వైపులా మెట్లుండే నిచ్చెన, ఒకరు పట్టుకోవాలి, కెమెరా పట్టీ మెడలో ఉండాలి, పైన నిలబడి లెన్సు మార్చకూడదు. నేల మీద వైర్లు నడిచే దారికి అడ్డం రాకుండా గోడ వారగా తిప్పాం, దాటక తప్పని చోట గుడ్డ టేపు వెడల్పుగా అంటించాం. బ్రౌన్ టేపు వెయ్యొద్దు, చెమటకాళ్ళు తగిలితే అంచులు లేచి అదే కాలికి చుట్టుకుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ పేపరు అంచు కూడా అంతే, పిల్లల పట్టీలు దానికి తగులుకుంటాయి.

పిల్ల సంగతికి వస్తాను. ఆ పిల్లతో వాళ్ళ నానమ్మ వచ్చింది, ఎచ్చెర్ల వైపు మనిషి. వచ్చీ రాగానే లైట్లన్నీ ఎగాదిగా చూసి, 'ఏటి బాబూ, గుంటని ఎంతసేపు నిలబెట్టేస్తారు ఈటి కింద?' అని అడిగింది. ఆ రోజు స్టూడియోలో నేను విన్న ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది అదే, మా షీటులో దానికి జవాబు ఉన్నందుకు సంతోషం కలిగింది. ప్రకటనల్లో, సినిమాల్లో పనిచేసే పిల్లల గురించి మన దేశంలో బాలకార్మిక చట్టం కింద నిబంధనలున్నాయి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా మూడు గంటలు మించకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, పిల్లకి ఇష్టం లేకుండా చేయించకూడదు. పిల్ల సంపాదనలో కనీసం ఐదో వంతు ఆ పిల్ల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి కూడా. చిన్న ఊరి షాపు కేటలాగుకి ఇవన్నీ ఎవరు అడుగుతారు అనుకుంటే ఎవరూ అడగకపోవచ్చు. అడగకపోయినా పిల్ల పిల్లే కదా.

చట్టం చెప్పింది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆరేళ్ళ పిల్ల మన ఉక్కపోతలో, పట్టులంగాలో, జడకుచ్చులు, పూలజడ, వడ్డాణంతో లైట్ల కింద అరగంట నిలబడడమే ఎక్కువ. మేం పిల్ల షాట్లు పొద్దున్నే పెట్టాం, ఇరవై నిమిషాలకోసారి వడ్డాణం తీసి పక్క గదిలో కూర్చోబెట్టాలని రాశాం, ఆ టైము చూసే బాధ్యత నానమ్మకే ఇచ్చాం. ఆవిడ 'చాలు' అంటే చాలు, ఫొటోగ్రాఫర్ కూడా ఎదురు చెప్పకూడదు. షీటులో ఆ వరుస ఎదుట 'బాధ్యత: నానమ్మ' అనే రాశాం. ఏజెన్సీ వాళ్ళు దానికేమీ అభ్యంతరం చెప్పలేదు.

మేకప్ దగ్గర ముందే అడిగి తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఒంటికి ఏమైనా పడదా, ఆస్తమా ఉందా, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉందా. వరసగా ఫ్లాష్‌లు మెరిస్తే ఫిట్స్ ఉన్నవాళ్ళలో కొందరికి వచ్చే అవకాశం ఉంది, కాబట్టి ఇది మొహమాటానికి వదిలేసే ప్రశ్న కాదు. అడిగింది నలుగురిలో కాదు, పక్కకి పిలిచి మేకప్ అమ్మాయి చేత అడిగించాం. కాటుక, లిప్‌స్టిక్ ఒకరికి వాడింది ఇంకొకరికి వద్దు, వానాకాలంలో కళ్ళకలక ఇలాగే ఊరంతా పాకుతుంది. బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ ఉండాలి, అక్కడికి ఎవరి ఫోనూ, ఏ కెమెరా వెళ్ళకూడదు, పరదా ఒక్కటీ కట్టి గది అనుకోమంటే కుదరదు. ఇవి భద్రత కిందకి రావని కొంతమంది అంటారు. ఆడపిల్ల భయపడుతూ బట్టలు మార్చుకోవాల్సిన చోటు భద్రమైన చోటు ఎలా అవుతుందో వాళ్ళే చెప్పాలి.

పొగ మెషీన్, బెలూన్లు మా షూట్‌లో లేవు, కానీ పుట్టినరోజు, ప్రీ వెడ్డింగ్ పనులు చేసేవాళ్ళకి చెప్తున్నాను. పైకి ఎగిరే బెలూన్లలో హీలియం బదులు చవగ్గా వస్తుందని హైడ్రోజన్ నింపేవాళ్ళు ఉన్నారు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం ఉన్నా అంటుకుంటుంది. ఒక కొవ్వొత్తి, ఒక వేడి హాలోజన్ లైటు చాలు. ఏ గ్యాసో సిలిండర్ చూసి తెలుసుకోండి, అనుమానముంటే గాలి నింపినవే కట్టండి. రంగుల పొగ బాంబులు నాలుగు గోడల మధ్య ఎప్పుడూ వద్దు. పొగ కోసం డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వాడితే చేతికి దళసరి గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉంచడం, మూత బిగించిన డబ్బాలో దాన్ని పెట్టకపోవడం, ఈ మూడూ తప్పనిసరి. అది మైనస్ 78 డిగ్రీల వస్తువు, ఆవిరై వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేల బారునే చేరుతుంది, అంటే కింద కూర్చున్న పిల్లల ముక్కు దగ్గరికే.

బయటికి వెళ్ళే దారి గురించి మాట్లాడకుండా ఏ షీటూ పూర్తి కాదు. మేడ మీద స్టూడియోకి ఒకటే మెట్లదారి. ఆ మెట్ల మీద పాత ఆల్బమ్ అట్టపెట్టెలు, విరిగిన కుర్చీ, పెళ్ళి షూట్‌కి తెచ్చిన పూల ఫ్రేములు. అవన్నీ ఖాళీ చేయించాం. కింద షట్టరు ఉంది, షూట్ జరుగుతున్నంతసేపూ ఎవరూ పైకి రాకుండా సగానికి దించేసే అలవాటు. లోపల మంట, పొగ, ఉక్కిరిబిక్కిరైన మనుషులు, సగం దిగిన షట్టరు, చీకట్లో దాని అంచుకి తల కొట్టుకుంటుంది. షట్టరు పూర్తిగా ఎత్తి కింద ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాం. మంటలార్పే సిలిండరు సెట్టు వెనక మూల నుంచి తీసి గుమ్మం పక్కకి తెచ్చాం. మంట లేచినప్పుడు దాన్ని తేవడానికి మంట దాటి వెళ్ళకూడదు కదా. దాని మీటరు ముల్లు ఆకుపచ్చలో ఉందా చూసి, పిన్ను లాగడం, గొట్టం మంట అడుగుకి పట్టడం అందరికీ చూపించాం. కరెంటు మెయిన్ స్విచ్చి ఎక్కడుందో కూడా. షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపెయ్యాలి. కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టాలి, పేస్టు, సిరా, వెన్న ఏవీ రాయకూడదు.

మన ప్రాంతానికి ఇంకో రెండు విషయాలు ప్రత్యేకంగా రాశాం. అక్టోబరు మనకి తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. అంత పెద్ద తుపాను కాకపోయినా గాలివాన వస్తే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. పోగానే ఇస్త్రీపెట్టెతో సహా అన్ని స్విచ్చులూ ఆపాలి, లేకపోతే తిరిగి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా ఇస్త్రీపెట్టె చీర మీదే వేడెక్కుతుంది. మెట్ల దగ్గర ఛార్జింగ్ లైటు ఒకటి తప్పనిసరి. రెండోది, విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ళు, సిరిమాను రోజుల్లో షూట్ పెట్టుకోకూడదని. కోట నుంచి మూడు లాంతర్ల దాకా, చుట్టుపక్కల సందులన్నీ జనంతో కిక్కిరిసి ఉంటాయి, పిలిచినా 108 బండి లోపలికి రాలేదు. తమ్ముడికి మొదట తొలేళ్ళ సోమవారమే తేదీ ఇచ్చారు, మార్పించాడు.

షూట్ రోజు పొద్దున్న టీ తాగేటప్పుడు తమ్ముడు అందర్నీ నిలబెట్టి పది నిమిషాలు ఈ షీటు చదివాడు. మేకప్ అమ్మాయి, లైట్ బాయ్, షాపు ఆయన, నానమ్మ, కింద కూర్చునే కుర్రాడు, అందరూ. చదవడమే కాదు, ఒక్కొక్కరిని 'నీ పనేంటి?' అని అడిగాడు. లైట్ బాయ్ భయం భయంగా, 'అన్నా, ఇస్త్రీపెట్టె ఆపడం ఎవరి పనో రాయలేదు' అన్నాడు. నిజమే, పవర్ ప్లగ్గు ఎక్కడో రాశాం, కరెంటు పోతే ఆపాలనీ రాశాం, ఎవరు ఆపాలో రాయలేదు. అక్కడికక్కడే వాడి పేరే ఆ గడిలో చేర్చారు. రోజూ ఆ గదిలో తిరిగేవాడికి కనబడేది బయటి నుంచి వచ్చిన నాలాంటి వాళ్ళకి కనబడదు, అందుకే షీటు రాసేటప్పుడే వాణ్ణి కూర్చోబెట్టుకోవాలి. ఎవరైనా సరే, చిన్నవాళ్ళయినా సరే, 'ఆపండి' అంటే షూట్ ఆగాలి, ఎందుకు అన్నావని తర్వాత తిట్టకూడదు. తిట్టారంటే వాళ్ళు రెండోసారి నోరు తెరవరు.

అప్పుడే పుట్టిన పిల్లల షూట్లకి ఈ షీటు పనికిరాదు, అది పూర్తిగా వేరే లెక్క. చేతుల మీద గడ్డం ఆనించి పడుకున్నట్టు కనబడే ఫొటోలు అసలు రెండు మూడు ఫొటోలు కలిపి చేసేవి, తీసేటప్పుడు తల ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. అది తెలియకుండా నెట్‌లో చూసి ప్రయత్నించేవాళ్ళు ఉన్నారు, మెడ నిలవని పసిగుడ్డుతో దయచేసి ఆ పని చెయ్యకండి. దాని గురించి విడిగా రాస్తాను.

షూట్ అయ్యాక అందరూ అలిసిపోయి సర్దేసే హడావిడిలో ఉంటారు. ప్రమిదలు ఆర్పి ఇసుకలోనే వదిలెయ్యండి, ప్లాస్టిక్ సంచిలో వెయ్యకండి. లైట్లు చల్లారాకే సంచుల్లో పెట్టండి. బ్యాటరీలు రాత్రంతా ఖాళీ స్టూడియోలో ఛార్జింగ్ పెట్టి వెళ్ళిపోకండి, పొట్ట ఉబ్బిన బ్యాటరీ కనబడితే పక్కన పెట్టేసి మళ్ళీ వాడకండి. షీటు అడుగున రెండు లైన్లు ఖాళీ ఉంచుకుని, ఆ రోజు ఎక్కడ కాలు తట్టుకుందో, ఏ క్లాంపు వదులైందో అక్కడే రాయండి. మా షీటులో ఆ రెండు లైన్లలో ఉన్నవి ఇవి: పవర్ ప్లగ్గు స్విచ్చి వదులుగా ఉంది, మార్పించాలి, పిల్ల కూర్చునే పీటకి కింద రబ్బరు లేదు, జారుతోంది. రెండూ ఆ వారంలోనే చేయించామని తమ్ముడు ఫొటో తీసి పంపాడు. ఫారం కావాలంటే అడగండి, మా తమ్ముడి గది వివరాలు తీసేసి ఖాళీది పంపుతాను, మీ గదిలో తిరిగి మీరే నింపుకోండి.